మెదకు యాత్ర: మెతుకు ఋణము

దూరదేశములలోని పట్టణములను గూర్చి చదువునప్పుడు కలుగు ఉత్సాహము మన యింటిప్రక్కనున్న యూళ్ళను గూర్చి కలుగదు. ఇంగ్లండులో డర్హాము అను పట్టణము కలదు. వియర్ అను నది దానిని మూడువైపుల చుట్టి పారుచుండును. నది నడుమనున్న గట్టుమీద నొక కోటయు, ఆ కోట కెదురుగా 1093లో ఆరంభింపబడిన మహాదేవాలయమును నిలిచియున్నవి. దానిని చూచి వచ్చినవారి వర్ణనలను మనము శ్రద్ధతో చదువుదుము, బిడ్డలకు చదివి వినిపింతుము. అయితే నది, గుట్ట, కోట, మహాదేవాలయము అను నీ నాలుగును గల యూరొకటి మన తెలుగునేలమీదనే, హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున గలదని మనలో నెందరికి స్ఫురించును? ఆ యూరు మెదకు. డర్హాములో నొక్క గట్టుమీదనే గూడియున్నవి మెదకునందు వేర్వేరుగా నున్నవి. కోట గుట్టపై నున్నది. దేవాలయము మైదానమున నున్నది. మంజీర యూరికి కొంత యెడముగా పారుచున్నది. ఈ యెడమునందే మన దేశచరిత్ర కొంత దాగియున్నదని ఆ యూరు చూచివచ్చిన పిమ్మట మాకు తోచినది.

మేము శామీర్‌పేట పరిసరములయందు నివసించువారము. మాలో నిద్దరు ఉపాధ్యాయినులు, ఒక వైద్యుడు, పదునాలుగేండ్ల బాలిక యొకతె. ఆ బాలికకు పాఠశాలలో చరిత్రపాఠమునకై చూచిన కట్టడములను గూర్చి పట్టిక వ్రాయవలసిన పని యుండెను. కట్టడము పేరు, కట్టిన కాలము, కట్టినవారు అని మూడు గడులు గీసిన పుస్తకమును చేతబట్టుకొని యామె మాతో బయలుదేరినది. మా యాత్రకు నెపము అంతమాత్రమే.

ప్రాతఃకాలమున శామీర్‌పేట చెరువుకట్టమీదుగా పోయితిమి. నిజాముల రాజ్యకాలమున నిర్మింపబడిన యీ చెరువు చుట్టుపట్ల గ్రామముల పొలములకు నీరిచ్చుటకై పుట్టినది. నేడు దాని చుట్టును మరియొక లోకము లేచినది. ఒకవైపున 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము, మరియొకవైపున ఔషధపరిశోధనశాలలు గుమిగూడిన జీనోమ్ వ్యాలీ, ఇంకను ముందునకు పోయిన వరుసలు వరుసలుగా క్రొత్త యిండ్లు. సెలవుదినములలో నగరవాసులు చెరువుగట్టునకు వచ్చి చల్లగాలి పీల్చి మరలిపోవుదురు. బాలిక తన పట్టికలో మొదటి పంక్తి వ్రాసెను: శామీర్‌పేట చెరువు, కట్టినవారు, నిజాము ప్రభుత్వము.

అక్కడినుండి అడ్డదారిన మేడ్చల్ చేరితిమి. బొలారము నుండి వచ్చిన మిత్రులు మమ్ములను అక్కడ కలిసికొనిరి. బొలారమున 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి యున్నది. అది బ్రిటిషు దండుకొరకు కట్టబడిన దేవాలయము. విక్టోరియా రాణి దానికి ధనసహాయము చేసెననియు, 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి తన వివాహవార్షికదినమున అచ్చట ప్రార్థనకు వచ్చెననియు ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుకొందురు. ఆ చర్చిని మాయందు కొందరు మున్నే చూచియుండిరి. సైనికులు తమకై కట్టించుకొన్న దేవాలయమునకును, మేము చూడబోవు దేవాలయమునకును గల భేదమేమో ఆ యుదయమున మాకు తెలియదు.

మేడ్చల్ పూర్వము నాగపురపు బాటలో నొక మజిలీ. బండ్లవారు ఎద్దులను విప్పి నీరు పెట్టుకొను చోటు. పందొమ్మిదవ శతాబ్దము ముగియు కాలమున గోదావరిలోయ రైలుమార్గము వచ్చిన పిమ్మట నిది రైలుస్టేషను కూడ నైనది. ఆ రైలు మెదకు పట్టణమును తాకలేదు. పట్టణమునకు పోవలసినవారు అక్కన్నపేటలో దిగి మిగిలిన దూరము బాటవెంట పోవలసియుండెను. అక్కన్నపేటనుండి మెదకునకు రైలు వచ్చినది 2022లో. అనగా నూట యిరువది యేండ్లకు పైగా ఆ యూరు రైలుకూత దూరమునుండి వినుచు కూర్చున్నది. జిల్లాకు పేరిచ్చినది తానేయైనను, జిల్లా ముఖ్యపట్టణమను పదవియు 2016 వరకు సంగారెడ్డి యనుభవించినది. పేరొకరిది, పదవి యొకరిది యగుట మనుష్యులకే గాదు, ఊళ్ళకును గలదు.

తూప్రాను దాటి, రామాయంపేటవద్ద నెడమకు తిరిగి మెదకు బాట పట్టితిమి. దక్కను పీఠభూమి స్వరూపము ఈ దారిలో చక్కగ తెలియును. నున్నని గ్రానైటుగుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుట్టలు, వాని సందులలో సీతాఫలపు పొదలు, మోదుగులు, పల్లమున చెరువులు, చెరువుక్రింద వరిమళ్ళు. గుట్టమీద పడిన వాన పల్లమునకు దిగును. పల్లమున కట్టవేసిన చెరువగును. చెరువుక్రింద వరి పండును. వాన తప్పిన యేడు ఈ గొలుసంతయు తెగిపోవును. ఈ సీమకు మెతుకుసీమ యని పేరు. మెతుకుదుర్గమే మెదకు అయ్యెనని పెద్దల మాట. మెతుకనగా వండిన బియ్యపుగింజ. అన్నముపేరు పెట్టుకొన్న దేశము వేరెచ్చటనైన గలదో లేదో మేమెరుగము. ఆ పేరునకును, ఆ నేలపై జరిగిన కథకును గల పొందికను మాత్రము చదువరులు గమనింతురుగాక.

మొదట కోట నెక్కితిమి. కాకతీయులనాటి యీ దుర్గము ఊరికి తలమీది పాగావలె గుట్టను చుట్టియున్నది. దారి సూటిగా పోక మలుపులు తిరిగి ద్వారము తరువాత ద్వారమును చూపును. మొదటిది ప్రథమద్వారము. రెండవది సింహద్వారము, దాని నెత్తిన రెండు సింహములు కోరలు చూపుచున్నవి. మూడవది గజద్వారము; రెండు ఏనుగులు తొండములు పెనవేసికొన్నట్లు చెక్కబడినవి. రెండుతలల గండభేరుండము కాకతీయుల గుర్తుగా నిలిచియున్నది. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట దుర్గము చేతులు మారినది. కుతుబ్‌షాహీలకాలమున లోపల మసీదు వెలసినది, ధాన్యపుకొట్లు కట్టబడినవి. పదునేడవ శతాబ్దపు ఫిరంగి యొకటి నేటికిని అచ్చట పడియున్నది.

ధాన్యపుకొట్లవద్ద మేము కొంచెముసేపు నిలిచితిమి. క్రింద పండిన గింజ గుట్టపైకి ఎక్కినది. రాజునకు ముట్టడి వచ్చినపుడు తినుటకై దాచబడినది. పండించినవాడు క్రిందనే యుండెను. ద్వారములు మూడును అతనికెదురుగా మూయుటకే పుట్టినవి. ఈ రాళ్ళు మోసినవారిలో నొక్కడైనను కోట పూర్తియైన మరునాడు వానిలోనికి తల యెత్తుకొని పోగలిగెనా? శాసనములు రాజుల బిరుదులను చెప్పును, దానముల లెక్కలు చెప్పును; కూలివాని తిండి లెక్క చెప్పవు. బాలిక వ్రాసెను: మెదకు కోట, కట్టినవారు, కాకతీయులు.

కోటబురుజునుండి చూచినయెడల పట్టణమంతయు కాళ్ళక్రింద పరచినట్లుండును. ఇండ్లకప్పులకు, చెట్లకొనలకు పైగా నొక బూడిదవన్నె శిఖరము లేచియున్నది. అదియే మహాదేవాలయపు గంటగోపురము. ఎత్తు 175 అడుగులు. చార్మినారుకంటె నెత్తుగ కట్టుచున్నారని నిజామునకు కోపము వచ్చెనని యొక కథను ఊరివారు చెప్పుదురు. కథగనే దానిని విందము. కోటదిగి మధ్యాహ్నమునకు దేవాలయమునకు చేరితిమి.

దాని వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు. ఒకేసారి అయిదువేల జనము ప్రార్థనకు కూర్చుండవచ్చునందురు. గోథికు పద్ధతిని అనుసరించి, బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అను శిల్పిసంస్థవారు పటము గీచిరి. రాయి మాత్రము ఈ గుట్టలదే. లోన నేలమీద సీమనుండి తెప్పించిన రంగురంగుల పలకలు పరచియున్నవి. మూడు దిక్కుల గాజుకిటికీలు కలవు. ఒక కిటికీలో క్రీస్తు ఆరోహణము, ఇంకొకదానిలో జననము, మరియొకదానిలో సిలువ. వీనిని చిత్రించినవాడు ఫ్రాంక్ సాలిస్బరీ అను నింగ్లీషు చిత్రకారుడు. ఆరోహణపుది 1927లోను, జననపుది 1947లోను, సిలువది 1958లోను అమర్చబడినవి. ఈ చిత్రములు వెలుపలి సూర్యకాంతిచేతనే ప్రకాశించును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట లోపల ఎన్ని దీపములు పెట్టినను అవి నల్లని పలకలే. మేము పోయినది నడిమధ్యాహ్నము గనుక నీలము, ఎరుపు, బంగారుచాయలు నేలమీద పడి కదలుచుండెను. అన్యమతస్థులమైనను మాకు మాట రాలేదు. అందమునకు మతము లేదు.

ఇక దీని పుట్టుక వినుడు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అను వెస్లియను మతబోధకుడు 1895లో సికింద్రాబాదునకు వచ్చెను. మొదట ఆయన పని తిరుమలగిరి దండులోని తెల్లసిపాయిలకు ప్రార్థన చేయించుట. ఆ పని ఆయన మనస్సునకు పట్టలేదు. 1896లో పల్లెలను వెదకుకొనుచు మెదకు చేరెను. ఆయన సోదరి ఎమిలీ పోస్నెట్ మున్నగు స్త్రీలు బాలికల చదువునకును, రోగులకును పాటుపడిరి. వారియొద్దకు మొదట చేరినవారిలో మాల మాదిగ కుటుంబములవారే హెచ్చు. 1914లో మహాదేవాలయపు పని ఆరంభమయ్యెను. ఆ యేటనే ఐరోపాలో యుద్ధము పుట్టినది. ధరలు పెరిగినవి. 1918లో వానలు తప్పినవి. ఆ యేటనే విషజ్వరము దేశమంతట పాకి జనమును ఊడ్చినది. మెతుకుసీమలో మెతుకు కరవయ్యెను. అప్పుడు పోస్నెట్ ఊరక అన్నము పెట్టుటకంటె పని చెప్పి అన్నము పెట్టుట మేలని యెంచి, ఆకొన్నవారిని ఈ పనిలో పెట్టెనని చరిత్ర. పదియేండ్లు పని సాగినది. 1924 డిసెంబరు 25న దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినపుడు మెదకు బిషపు పీఠమయ్యెను. 2024 డిసెంబరునకు కట్టడమునకు నూరేండ్లు నిండినవి.

కరవునాడు కట్టడము లేపి కూలివారిని బ్రతికించుట క్రొత్త యూహ కాదు. 1784లో అవధు నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబారాను ఇట్లే ఆరంభించెను. అయితే దయాళువులు కట్టించిన యీ గొప్ప కట్టడములను చూచునప్పుడు మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనకపోదు. కడుపు కాలుచున్నవానిచేత శిఖరము కట్టించుట దయయేనా? ఆ రాయి, ఆ కూలి చెరువుకట్టలపై పెట్టినయెడల మరుసటి కరవునకు అడ్డు కాకుండునా? మా వైద్యమిత్రుడు ఈ ప్రశ్నను గట్టిగనే వేసెను.

ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రము కొంత విచారింపవలెను. చెరువులు, ఆనకట్టలు కట్టవలసిన భారము ఎవరిది? ప్రభుత్వమునది. ప్రభుత్వము ఊరకయు నుండలేదు. 1905లో మంజీరపై ఘనపురము ఆనకట్ట కట్టి, మహబూబ్ నహరు, ఫతే నహరు అను రెండు కాలువలు త్రవ్వించినది. 1916 నుండి 1922 వరకు, అనగా దేవాలయపు గోడలు లేచుచున్న యా యేండ్లలోనే, ఆలేరు వాగుపై పోచారము జలాశయమును కట్టించినది. ఆ నీటిచేత పంట పెరిగినమాట నిజము. కాని నీరు ఎవరి పొలమునకు పారును? పొలమున్నవాని పొలమునకు. పొలము లేనివానికి కాలువ వచ్చినను రాకున్నను కూలియే గతి. అంతకంటె హీనమైనది వెట్టి. ఊరి పెద్దలకును, అధికారులకును కూలి లేకుండ చాకిరి చేయుట ఆనాటి తెలంగాణమున నిత్యకృత్యము. 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమువారును, మాడపాటి హనుమంతరావుగారును వెట్టికి వ్యతిరేకముగ కలముపట్టి పోరాడినది ఈ కాలముననే. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు అంటరానివారనబడిన జనులు తలయెత్తుకొని తిరుగవలెనని నగరమున ప్రబోధించుచుండినదియు ఈ కాలముననే.

ఇట్టి కాలమున, చాకిరికి బదులు తిట్లు తినుటకు అలవాటుపడిన మనుజుడు రాయి మోసి సాయంకాలమునకు అన్నము సంపాదించుకొనెను. అది దయయే యనుకొందము. కాని చేసిన పనికి ప్రతిఫలము ముట్టుట వానికి క్రొత్త సంగతి. పని ముగిసిన మరునాడు వాడు తాను మోసిన రాతిగడపను దాటి లోపలికి పోయి, ఆ రంగుల వెలుగులో దొరలప్రక్కన కూర్చుండెను. ఊరిగుడిలో గంట మ్రోగినపుడు వెలుపల చెట్టుక్రింద నిలిచిన తండ్రి కొడుకు వాడు. కోటకును దీనికిని, దండు చర్చికిని దీనికిని భేదమిదియే. కట్టినచేయి లోనికి పోగలిగినది.

వీరు కూటికొరకు మతము మార్చుకొనిరని హేళన చేయువారు కలరు. మేము మతమార్పిడిని సమర్థించుటకు గాని ఖండించుటకు గాని ఈ వ్యాసము వ్రాయుటలేదు. ఆ హేళన మా పెద్దల నోట మేము వినినదే గనుక ఒక్కమాట చెప్పక తీరదు. కూడు లేకుండ చేసినవారెవరు? గుడి తలుపు వేసినవారెవరు? ఆకలిని మనము పెట్టి, అన్నము పెట్టినవానిని నిందించుట యే ధర్మము? అట్లని దేవాలయము లోపల సర్వము సమమయ్యెననుటయు సత్యము కాదు. కులము గడపవద్ద ఆగిపోవునది కాదు. చెప్పులతో పాటు విడిచిపోవునదియు గాదు. మెదకు ప్రాంతపు పల్లెలలోని క్రైస్తవుల జీవితమును పరిశీలించి పి. వై. లూక్, జాన్ కార్మన్ అనువారు 1968లో నొక గ్రంథము ప్రకటించిరి. క్రీస్తుభక్తియు, పాత యూరి యాచారములును ఆ పల్లెలలో ప్రక్కప్రక్కనే బ్రతుకుచుండుట వారు చూపిరి. మతము మారినంతమాత్రమున సంఘము మారదు. దానిని మార్చుట వేరే పని. అది అన్ని మతములవారి నెత్తిమీదను ఉన్న పని.

దేవాలయపు మెట్లమీద నొక వృద్ధురాలు కూర్చుండియుండెను. చేతిలో కర్ర, మెడలో నల్లపూసలు. మా బాలిక పట్టిక వ్రాయుచుండగా చూచి, "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అని యడిగెను. "గుడి ఎవరు కట్టిండ్రో రాస్తున్న అవ్వా, పోస్నెట్ దొర అని" అని బాలిక చెప్పెను. అవ్వ నవ్వెను. "దొర కట్టిపిచ్చిండు బిడ్డా. కట్టింది మా తాత. ఇంగ చానమంది. కరువుల గంజికి లేకుంటె ఈడికొచ్చి రాయి మోసిండంట. మా నాయిన చెప్తుండె." "మీ తాత పేరేంది అవ్వా?" అని బాలిక మరల అడిగెను. అవ్వ కొంచెము తడవు ఆలోచించి, "తాతనే అనెటోళ్ళం. పేరు యాదికి లేదు. గా రాళ్ళల్లనే ఉన్నది" అని చెప్పి లేచి లోపలికి పోయెను. ఆమె నడిచిపోవు నడకలో సంకోచము లేదు. అది తన యింట తాను తిరుగుదాని నడక.

బాలిక కలము పట్టుకొని ఊరకుండెను. ఆమె పట్టికలో కట్టినవారు అను గడి చిన్నది. దానిలో రాజుపేరు పట్టును, దొరపేరు పట్టును. ఆమె మొదట వ్రాసిన పేరును కొట్టివేయలేదు. దానిప్రక్కన, "అవ్వ తాత, ఇంకా చాలమంది" అని చేర్చెను. చరిత్రాధ్యాపకుడు దానికి మార్కు లిచ్చునో లేదో తెలియదు. పోస్నెట్ గొప్పతనమునకు దీనివలన లోటు రాదు. ఆయన లేకున్న ఆ రాయి గుట్టమీదనే యుండెడిది. ఆ తాతలు లేకున్నను గుట్టమీదనే యుండెడిది.

సాయంకాలమున మంజీరను చూడబోయితిమి. మహారాష్ట్రమునందు బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమును తాకి, మెతుకుసీమమీదుగా గోదావరిలో కలియు నది యిది. నాగసానిపల్లి చెంత నిది రాళ్ళనడుమ నేడుపాయలై చీలును. ఏడుపాయల నడుమ వనదుర్గాభవాని గుడి కలదు. మహాశివరాత్రికి ఇక్కడ గొప్ప జాతర. ఆనకట్ట పొంగినపుడు నీరు గుడిలోనికే వచ్చును. అప్పుడు పూజారులు తలుపులు మూసి, ఉత్సవమూర్తిని మెట్టకు చేర్చి పూజింతురు. మేము పోయిన దినమున నీరు సన్నగ పారుచుండెను. రాళ్ళమీద స్త్రీలు కట్టెపొయ్యి రగిల్చి బోనము వండుచుండిరి. వారిలో నేకులమువా రెవరో మేమడుగలేదు, నదియు నడుగుటలేదు. నదియొడ్డున సాధ్యమైనది గుడిగడపవద్ద ఎంతకాలము అసాధ్యమై యుండెనో తలచుకొని సిగ్గుపడితిమి.

రాత్రి తిరుగుప్రయాణమున మేడ్చల్ దీపములు కనబడినవి. బాటకిరుప్రక్కల పెద్ద పెద్ద గోదాములు, సగము లేచిన అంతస్తుల భవనములు. వాని క్రింద రేకులపాకలు. పాకలముందు రొట్టెలు కాల్చుకొనుచున్న పనివారు. బీహారు, ఒడిషా, ఝార్ఖండు, ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చినవారు. 2020 మార్చిలో మహమ్మారి భయమున దేశమంతట రాకపోకలు నిలిపివేసినపుడు ఈ పనివారు వేలకొలది మేడ్చల్ బాటనే పట్టి, నెత్తిన మూటలతో, చంకన బిడ్డలతో ఉత్తరమునకు నడిచిపోయిరి. మే 1న లింగంపల్లినుండి హటియాకు మొదటి ప్రత్యేకరైలు కదలువరకు, కదలిన తరువాతను, ఈ బాటమీద నడక ఆగలేదు. ఆనాడు మేడ్చల్‌లో బాటప్రక్కన అన్నము వండి, నీళ్ళసీసాలిచ్చి, చెప్పులిచ్చిన పుణ్యాత్ములు కలరు. వారిని తలచి గర్వపడవచ్చును. కాని ఈ నగరమును కట్టినవాడు నగరమున నొక నెల తలదాచుకొనుటకు చోటులేక, నాలుగు దినముల తిండికి దారిలేక నడిచిపోవలసివచ్చెనే యనుమాటను గూడ తలచవలెను. నూరేండ్లక్రితము ఆకలిగొన్నవాడు పనివద్దకు వచ్చెను. నూరేండ్లకు పిమ్మట ఆకలిగొన్నవాడు పనినుండి పారిపోయెను.

పని చెప్పి అన్నము పెట్టుట దయగానుండిన కాలము గడిచి, పని యడుగుట హక్కు కావలెనను భావము మన దేశమున పెరిగినది. 2005లో గ్రామీణ ఉపాధిని హామీయిచ్చు శాసనము చేయబడినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము ఆరంభింపబడినది. కరవుసీమ యగు అనంతపురమును ఎన్నుకొనుట యుచితముగనే యున్నది. ఆ హక్కు పల్లెకు సంబంధించినది. పల్లెవిడిచి మన వాకిటికి వచ్చినవానికి శాసనముకంటె ముందు మనమే గతి. వానికి కూలి సకాలమున ముట్టుచున్నదా? వాని పాకకు నీరున్నదా? వాని బిడ్డకు బడి యున్నదా? గృహస్థులమైన మనము వీనిని విచారింపము. ఇల్లు కట్టించునపుడు మేస్త్రీతో సిమెంటుధర వాదింతుము. ఇటుకలు మోయు స్త్రీ తన పసిబిడ్డను ఇసుకకుప్పమీద పరుండబెట్టుట చూచియు చూడనట్లుందుము. గృహప్రవేశమునాడు ఆమెను పిలిచినవారెందరు?

శామీర్‌పేట చేరునప్పటికి ప్రొద్దుపోయినది. చెరువుమీద దీపముల నీడలు కదలుచుండెను. బాలిక నిద్దురమత్తులో నుండి, బండి దిగుచు, "మన యిల్లు కట్టిన వాళ్ళ పేర్లేమి?" అని యడిగెను. మేము ఒకరి మొగము నొకరము చూచుకొంటిమి. ఆ యిల్లు కట్టి యెనిమిదేండ్లే యైనది. మేస్త్రీ పేరు ఒకరికి జ్ఞప్తికి వచ్చినది. రాళ్ళెత్తినవారి పేరు, సున్నము కలిపినవారి పేరు, పైకప్పు పోసిన రాత్రి తెల్లవారువరకు నిలిచి పనిచేసిన యా యాలుమగల పేరు ఎవ్వరికిని తెలియదు. నూరేండ్లనాటి తాతపేరు అవ్వ మరచిపోయినదని జాలిపడిన మేము, ఎనిమిదేండ్లనాటి పేర్లను అసలే తెలిసికొనలేదు.

మరునాడు ఆ మేస్త్రీని వెదకించితిమి. అతడు నలుగురి పేర్లు చెప్పగలిగెను; తక్కినవి మరచితిననెను. ఆ నాలుగు పేర్లను బాలిక తన పట్టిక కడపటి పంక్తిలో వ్రాసినది. చదువరులలో ఇల్లు కట్టించుచున్నవారున్నయెడల, పని జరుగుచుండగనే ఆ పేర్లు వ్రాసికొందురుగాక. ఇల్లు కట్టించి చాలకాలమైనవారు ఒకసారి మేస్త్రీకి కబురుపెట్టి చూతురుగాక.